ప్రాత రివాల్వరు పరీక్ష – మన వృత్తిధర్మము



మన పెద్దలు బంగారమును గీటురాయిమీద గీచి వన్నె చెప్పిరి. ఇనుమును కొలిమిలో కాల్చి, దాగలిపై నుంచి, సుత్తిదెబ్బకు పలికిన నాదమును బట్టియే దాని గుణమును తెలిసికొనిరి. నిజామాబాదు ప్రాంతమందలి కోనసముద్రపు ఉక్కును కొనుటకై పారసీక వర్తకులు దూరదేశము నుండి వచ్చుచుండిరని పందొమ్మిదవ శతాబ్దమున పాశ్చాత్యులే వ్రాసియుంచిరి. చేయుట యెంత గొప్పదో, చేసినదానిని చూచి నిజము చెప్పుటయు నంత గొప్పది. ఈ రెండవ విద్య మన విశ్వబ్రాహ్మణ కులమునకు పరంపరాగతమైన ధనము. ఆ ధనమును నేడు మనము వినియోగింపవలసిన యొక చిన్న విషయమును గూర్చి యీ సంచికయందు విన్నవించుచున్నాను.

ఖమ్మము మొదలుకొని భద్రాచలపు అడవుల వఱకు గల సీమలో ప్రాతయిండ్ల అటకలమీదను, పెట్టెల యడుగునను పూర్వపు ఆయుధములు అప్పుడప్పుడు బయటపడుచుండును. వానిలో కత్తులు, బల్లెములు, బర్మారు తుపాకులే తఱచు. రివాల్వరు అరుదు. అరుదు గనుకనే దానికి కథలెక్కువ, అపాయములు నెక్కువ. అట్టి వస్తువు దొరికినంతనే దానిని మన కొలిమికి తెచ్చి, "తుప్పు వదలగొట్టి తళతళలాడునట్లు చేయుము" అని కోరువారు కలరు. ఆ మాట విని మనము ఆకురాయి చేతబట్టినచో, నూఱేండ్ల చరిత్ర అరగడియలో పొడియై రాలిపోవును. కావున ప్రాత రివాల్వరు స్థితియెట్టిదో, అందు అసలు భాగమెంతయో, తరువాత చేరినదెంతయో పరీక్షించు విధమును, అందు మన ధర్మమును ఎఱిగియుండుట మేలు.

ఈ సీమకు రివాల్వరు వచ్చిన త్రోవ

తొలుత గోదావరిని తలంపవలయును. 1860 లో నైజాముప్రభువు గోదావరికి ఎడమగట్టున నున్న తాలూకాలను ఇంగ్లీషువారికి విడిచిపెట్టెను. భద్రాచలము కొంతకాలము మధ్యపరగణాలలో నుండి, 1874 లో రేకపల్లెతో గూడ చెన్నరాజధానిలోని గోదావరి జిల్లాకు చేరెను. కుడిగట్టు నైజాము రాజ్యముగనే నిలిచెను. ఇట్లు ఒకే యడవి, ఒకే భాష, ఒకే దేవుని యాత్ర గల ప్రజలు ఇరువురి పాలనలో నుండిరి. ఎడమగట్టున 1878 వ సంవత్సరపు ఆయుధముల చట్టము అమలులో నుండగా, కుడిగట్టున నైజామువారి యేర్పాటు వేఱు. 1959 లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో కలిసెను. 2014 లో రేకపల్లె గల మండలము ఆంధ్రప్రదేశమునకు పోయెను. 2022 లో అది అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరెను. ప్రాత ఆయుధపు జాడ తీయువాడు ఈ సరిహద్దు మార్పులను మఱచినచో, ఒక కచ్చేరిలో వెదకవలసిన కాగితమును మఱొక కచ్చేరిలో వెదకుచుండును.

రివాల్వరు మన గ్రామములలో పుట్టిన ఆయుధము కాదు. అమెరికా దేశీయుడగు సామ్యూలు కోల్టు 1835 లో ఇంగ్లండునందును, 1836 లో స్వదేశమందును దీనికి పేటెంటు పొందెను. ఇంగ్లండున రాబర్టు ఆడమ్సు 1851 లో వేఱొక రీతి రివాల్వరును చేసెను. ఇవి సైన్యాధికారుల వెంటను, పోలీసు అధికారుల వెంటను మన దేశమునకు వచ్చెను. ఈ సీమలో 1871 లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గు కనుగొనబడి, తరువాత గనులు త్రవ్వబడినప్పుడు దొరలును వచ్చిరి. 1879 లో రంపలో పుట్టిన పితూరీ రేకపల్లె సీమకు ప్రాకినప్పుడు సైన్యమును వచ్చెను. అడవిజాతుల చేతిలో నుండినవి విల్లంబులును, జామగి తుపాకులును. రివాల్వరు సర్కారు చేతిలోని వస్తువు. ఈ యొక్క విషయము మనసున నుంచుకొన్నచో, వినవచ్చు కథలలో సగము తమంత తామే తేలిపోవును.

వయస్సును చెప్పు గుఱుతులు

మనిషి వయస్సును జాతకము చెప్పినట్లు రివాల్వరు వయస్సును దాని నిర్మాణమును, ముద్రలును చెప్పును.

మొట్టమొదట తూటాలచక్రమును చూడవలయును. చక్రము వెనుక ఒక్కొక్క అఱకు ఒక్కొక్క చిన్న మొటిమవంటి ముక్కు ఉండి, దానిమీద టోపీ తొడుగునట్టిదైనచో అది టోపీ రివాల్వరు. మందును గుండును ముందునుండి కూరవలసినది. కోల్టు, ఆడమ్సు తొలి రకములు ఇట్టివే. అఱలు వెనుకవఱకు తూటుపడి, ఇత్తడి తూటా వెనుకనుండి పట్టునట్టిదైనచో అది తరువాతి కాలపుది. టోపీ రివాల్వరును పిదప తూటా పట్టునట్లు మార్చుటయు కలదు. అట్టిచోట చక్రమునకును చట్రమునకును నడుమ రంగు, అరుగుదల, పనితనము వేఱువేఱుగా కానవచ్చును.

రెండవది చేసినవారి పేరు. లండను నగరమున కోల్టు కర్మాగారము 1853 నుండి 1856 వఱకు మాత్రమే నడచెను. కావున ఆ కర్మాగారమున చేయబడిన కోల్టు రివాల్వరు కాలము తెలియుట సులభము. బర్మింగుహాములోని వెబ్లీవారు 1872 లో పొట్టిగొట్టము గల "బ్రిటిషు బుల్‌డాగు" అను రకమును వెలువరించిరి. దానిని చూచి బెల్జియమువారును, ఇతరులును లెక్కలేనన్ని చేసిరి. కావున "బుల్‌డాగు" అను పేరు చట్రముపై నున్నంతమాత్రమున అది వెబ్లీ కాదు. రెక్కలు గల తూటా బొమ్మ వెబ్లీవారి ముద్ర. కోడిగ్రుడ్డు ఆకారపు గీతలో ఇ, ఎల్, జి అను ఇంగ్లీషు అక్షరములున్నచో అది బెల్జియములోని లియేజి పరీక్షాశాల ముద్ర. ఆ ముద్రపై కిరీటమున్నచో 1893 కు తరువాత పరీక్షింపబడినది.

మూడవది సర్కారు గుఱుతు. ఇంగ్లీషు సర్కారు సొత్తునకు బాణపుమొన ముద్ర. ఆ మొన క్రింద ఐ అను ఇంగ్లీషు అక్షరమున్నచో ఇండియా సర్కారు సొత్తు. రెండు బాణపుమొనలు ఎదురెదురుగా తాకుచున్నట్లున్నచో సర్కారు దానిని కొలువునుండి తీసి అమ్మివేసినదని యర్థము. ఒక వస్తువు సక్రమముగా చేతులు మారినదో లేదో తెలిసికొనుటకు ఈ చిన్న ముద్ర పెద్దసాక్షి.

వెబ్లీ సైనికరకములలో మొదటిది 1887 లోను, ఆఱవది 1915 లోను సైన్యమునకు అంగీకరింపబడెను. ఆఱవరకమునకు ఆఱంగుళముల గొట్టమును, క్రింద చతురముగా తెగిన పిడియు నుండును. దీనిని 1921 వఱకు వెబ్లీ-స్కాటు కంపెనీయు, ఆ పిమ్మట 1926 వఱకు ఎన్‌ఫీల్డు సర్కారు కర్మాగారమును చేసిరి. ఇట్టి యాఱవరకపు రివాల్వరును చూపి, "ఇది రంప పితూరీలో మా ముత్తాత గుంజుకొనినది" అని యెవరైన చెప్పినచో, వారు బుద్ధిపూర్వకముగ బొంకిరని యనరాదు. తాతనుండి మనుమనికి వచ్చులోపల రెండు కథలు కలిసిపోయినవని యనవలయును. 1879 నకును 1915 నకును ముప్పదియాఱేండ్లు. ముత్తాత నిజమే కావచ్చును, పితూరీ నిజమే, రివాల్వరును నిజమే. మూటిని కలిపిన దారము మాత్రము నిలువదు.

స్థితిని చూచు విధము

స్థితి యనగా వస్తువు పుట్టినప్పటి రూపములో నేటికి మిగిలియున్నదెంత యనుట. దీనికి మెఱుపు కొలమానము కాదు.

కర్మాగారమునుండి వచ్చినప్పుడు రివాల్వరు ఇనుముపై నీలిపూత యుండును. ఇది రంగు పూయుట కాదు. ఉక్కు పైపొరను అదుపులో నుంచి నల్లని తుప్పుగా మార్చుట. కాలక్రమమున చేయి తగులుచోట్ల నది అరిగి, తక్కినచోట్ల గోధుమవన్నెకు తిరుగును. ఈ నున్నని గోధుమవన్నె దోషము కాదు, వయస్సు. పొరలుపొరలుగా లేచి, వ్రేలికి గరుకుగా తగిలి, క్రింద గుంటలు పెట్టుచున్న ఎఱ్ఱతుప్పు మాత్రము రోగము. మొదటిదానిని తాకరాదు, రెండవదానిని వ్యాపింపకుండ ఆపవలయును.

సానపట్టి మఱల నీలిపూత వేసిన రివాల్వరును కనిపెట్టుట మనవారికి కష్టము కాదు. చట్రపు అంచులు కత్తివాదరవలె తీరుగా నుండుటకు బదులు సబ్బుబిళ్లవలె గుండ్రబడియుండును. ముద్రాక్షరముల లోతు ఒకవైపు తగ్గి, గీతలు సన్నబడియుండును. మరమేకుల చుట్టును ఇనుము పళ్లెమువలె లోనికి వంగియుండును. ప్రాతగుంటలలోపల గూడ క్రొత్తపూత మెఱయుచుండును. గుంట పడినపిమ్మట పూత వచ్చినదని ఇంతకన్న సాక్ష్యమేమి కావలయును?

మరమేకుల తలలు చూడవలయును. నడిమి గాడి నిలువుగా, చెక్కుచెదరక యున్నచో ఎక్కువమంది విప్పలేదని యర్థము. గాడి చీలి వెడల్పైనచో తగని పనిముట్టుతో విప్పిరి. గొట్టము లోపలి మెలిచాళ్లు స్పష్టముగ నున్నవో, మసకబారినవో, పూర్తిగ పోయినవో వెలుతురున చూడవలయును. గుఱ్ఱమును వెనుకకు తీసినప్పుడు చక్రము తిరిగి అఱ గొట్టమునకు సరిగా ఎదురు నిలుచునో, అటునిటు ఊగునో గమనింపవలయును. వీనినన్నిటిని చూచుటకు ముందే, ఎన్నియేండ్లనాటిదైనను అందు మందున్నదనియే తలంచి, దాని గొట్టమును ఎవ్వరివైపును త్రిప్పక, తెలిసినవానిచే ఖాళీ చేయించవలయును. టోపీ రివాల్వరులో మందు కూరియున్నదీ లేనిదీ పైకి తెలియకపోవచ్చును. ఊరక మీట నొక్కి టపటప కొట్టిచూచుట వలదు. ప్రాత కమాను విరుగును, మొటిమముక్కు నలుగును.

అసలుతనమును నిర్ణయించుట

స్థితి వేఱు, అసలుతనము వేఱు. మిక్కిలి అరిగిన రివాల్వరు సంపూర్ణముగ అసలుది కావచ్చును. కన్నులు మిఱుమిట్లు గొలుపునది మూడింటి ముక్కలతో కూర్చినది కావచ్చును.

దీనికి సంఖ్యలు ప్రధానము. వెబ్లీ సైనికరకములలో చట్రముమీదను, చక్రముమీదను ఒకే సంఖ్య యుండవలయును. కోల్టువారు ఇంకను అనేక భాగములపై సంఖ్య వేసిరి. సంఖ్యలు కలియనిచో భాగము మారినదనుట నిశ్చయము. సంఖ్యలు కలిసినను, అంకెల పొందికయు, లోతును, వాని అంచులును ఒకటిగా నున్నవా యని చూడవలయును. కర్మాగారపు పోటు అంకె చుట్టును ఇనుము కొంచెము పైకి లేచియుండును. ఉలితో చెక్కినదానికి అట్లుండదు. ఈ భేదమును మనలో పదేండ్ల పిల్లవాడు చెప్పగలడు. వాయవ్యదేశమున, నేటి పాకిస్తానములోని దర్రా గ్రామమున, ఇంగ్లీషు తుపాకులకు నకళ్లు చేయువారు పనితనమున దిట్టలైనను ఇంగ్లీషు అక్షరములను తలక్రిందుగను, తప్పుగను చెక్కుట ప్రసిద్ధము. చేతికి నేర్పున్నను కంటికి భాష తెలియనందున మోసము బయటపడెను.

పిడిని గూర్చి రెండు మాటలు. కర్మాగారపు పిడికి వాల్నటు కఱ్ఱయో, సైనిక వెబ్లీలకు నల్లని గట్టి రబ్బరుపలకయో వాడుదురు. మన సీమలో దొరకిన రివాల్వరుకు టేకుపిడియో, జిట్రేగిపిడియో, దున్నకొమ్ముపిడియో యున్నచో అది ఇచ్చటి చేతిపని యని తలంపవచ్చును.

మన కొలిమి మరమ్మతును ఎట్లు లెక్కింపవలయును?

ఇచ్చటనే మనకు ముఖ్యమైన చిక్కు కలదు. ప్రాతవస్తువుల వర్తకుడు టేకుపిడిని చూచినంతనే "అసలు కాదు" అని వెల తగ్గించును. అతని లెక్కలో అది న్యాయమే. కాని మన లెక్కలో నొక ప్రశ్న మిగులును: బర్మింగుహామునుండి మరమేకు తెప్పించుటకు మార్గము లేని యడవిలో, విఱిగిన కమానును చూచి, అట్టిదే మఱొకటి సుత్తితో సాగదీసి, నీరుపట్టి, నిలువబెట్టిన ఆ పేరులేని కమ్మరి యెవడు? మారిన పిడిని అంగుళములో వీసమంతయైన సందులేక అతికించిన వడ్రంగి యెవడు? వారి పేర్లు ఏ దస్తావేజులోను ఉండవు. వారి చేతి జాడ ఆ మరమ్మతులోనే కలదు.

కావున రెండు తీర్పులను వేఱువేఱుగ చెప్పవలయునని నా మనవి. "కర్మాగారపు అసలుతనము ఇంత" యనునది మొదటి తీర్పు. "ఇచ్చటి మరమ్మతు ఇది, ఇంతకాలపుదిగ తోచుచున్నది" యనునది రెండవది. మొదటిదానిని పెంచుటకు రెండవదానిని దాచరాదు. దేశపు కమానును పీకివేసి, వేఱొక తుపాకి ముక్కను దెచ్చి పెట్టి, "పూర్తిగ అసలుది" యని పలుకుట రెండు పాపములు: కొనువానిని మోసగించుట యొకటి, మన తాతల పనిని మనమే తుడిచివేయుట రెండు. సంఖ్యను క్రొత్తగ కొట్టుట ఇంతకంటె నీచము. బంగారములో రాగి కలిపి వన్నె చెప్పని కంసాలికిని వానికిని భేదము లేదు.

వీరుల పేర్లు తగిలించుట

మన్యపు సరిహద్దులో ఏ ప్రాత ఆయుధము దొరకినను "ఇది అల్లూరి సీతారామరాజుది" యనుట పరిపాటియైనది. భక్తిచేత నట్లనువారు కలరు, వెలకొఱకు ననువారును కలరు. చరిత్ర యేమి చెప్పుచున్నది? 1922 ఆగష్టు 22 న చింతపల్లి, 23 న కృష్ణదేవిపేట, 24 న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలను రాజుగారి దళము పట్టుకొనెను. తీసికొనినవి పోలీసుల తుపాకులును, తూటాలును, కత్తులును. తాను తీసికొనిన యాయుధముల వివరమును ఠాణాపుస్తకములో వ్రాసి, రాజుగారు సంతకము చేసిరని చరిత్రకారులు వ్రాసియున్నారు. 1924 మే 7 న కొయ్యూరులో ఆయన వధింపబడెను.

సోదరులారా! ఇందలి నీతిని చూడుడు. రాజ్యముపై తిరుగబడిన వీరుడే తాను తీసికొనినదానికి పట్టిక వ్రాసి సంతకము చేసెను. ఆయన పేరు చెప్పి పట్టిక లేని వస్తువును, సంతకము లేని కథను అమ్ముట ఆయనకు గౌరవమగునా? ఒక ఆయుధమునకు వీరుని పేరు చేర్పవలయునన్న, వస్తువు కాలము సరిపోవలయును, సంఖ్య నాటి రికార్డుతో కలియవలయును, చేతులు మారిన క్రమము ఎడతెగక తెలియవలయును. ఈ మూడు లేనిచో "మన్యపు ప్రాంతమున దొరకినది" అని వ్రాసి యూరకుండుటయే ఉచితము. ఆ మాటలోను చరిత్ర కలదు, అబద్ధము మాత్రము లేదు.

1946 మొదలు 1951 వఱకు నడచిన తెలంగాణ సాయుధపోరాటపు టాయుధములకును ఇదియే న్యాయము. ఆ పోరాటపు దళములు గోదావరి యడవులలో తలదాచుకొనిన మాట నిజము. ఆ సీమలో దొరకిన ప్రతి తుపాకియు దళముదనుట నిజము కాదు.

చట్టము చెప్పునది

"ప్రాతది గనుక లైసెన్సు అక్కరలేదు" అను మాట మన గ్రామములలో వాడుకలో నున్నది. ఇది అపాయకరమైన భ్రమ. 1959 వ సంవత్సరపు ఆయుధముల చట్టము 45 వ సెక్షను కాలము చెల్లిన రకమునకును, పురావస్తువుగ విలువగలదానికిని, చెడిపోయినదానికిని మినహాయింపు నిచ్చుచున్నది. కాని బాగుచేసినను చేయకున్నను అది పేలుటకు వీలులేనిదై యుండుట అందు నియమము. అనగా మీరు మరమ్మతు చేసి కదిలించినచో, మినహాయింపు మీచేతనే పోవును.

అదే చట్టము 5 వ సెక్షను ప్రకారము లైసెన్సు లేక తుపాకిని బాగుచేయుటయే నేరము. 8 వ సెక్షను ప్రకారము తుపాకిమీది పేరును, సంఖ్యను, గుఱుతును చెఱుపుటయు, మార్చుటయు, నకలు కొట్టుటయు నేరము. మన వృత్తిధర్మము వలదన్నదానినే చట్టమును వలదన్నది. ఇక 1972 వ సంవత్సరపు పురావస్తువుల చట్టము ననుసరించి నూఱేండ్లు దాటిన యిట్టి వస్తువును దేశమునుండి ఎగుమతి చేయు నధికారము కేంద్రప్రభుత్వమునకును, అది నియమించిన సంస్థలకును తప్ప ఇతరులకు లేదు. పై దేశపు వర్తకుని వెలకు ఆశపడినవారు ఈ మాట మఱువరాదు.

చేయదగిన పనులు

మీ యింటగాని, మీ పోషకుల యింటగాని ప్రాత రివాల్వరు బయటపడినచో మొదట దగ్గరి ఠాణాలో తెలియజేయుడు. అనుమతి గల యజమాని యెదుటనే పరీక్షింపుడు. మీ కొలిమికి తెచ్చుకొనకుడు. ఆకురాయి, ఎమరీకాగితము, నిమ్మరసము, చింతపండు, ఇటుకపొడి దగ్గరకు రానీయకుడు. ఉన్నది ఉన్నట్లు నాలుగువైపుల ఫొటోలు తీయించి, ముద్రలను, సంఖ్యలను కాగితముపై నెక్కించి, ఇంటి పెద్దలు చెప్పు కథను వేఱొక కాగితముపై వారి మాటలలోనే వ్రాయుడు. కథను తీర్పులో కలుపకుడు, పాఱవేయకుడు.

తోలుఒఱలో నుంచి దాచుట మన గోదావరి వానలకు సరిపడదు. తోలు తేమను పట్టి, ఇనుమును లోలోపల తినివేయును. ఒఱను వేఱుగ, ఆయుధమును వేఱుగ ఉంచి, పలుచని నూనెపూతతో పొడిచోట నుంచవలయును. వస్తువు నిజముగ అరుదైనదైనచో, హైదరాబాదులోని సాలారుజంగు ప్రదర్శనశాలవంటిచోట ఆయుధములను కాపాడు పద్ధతిని చూచివచ్చుట మేలు. పోషకమహాశయులలో వీలుగలవారు తమ యింటి వస్తువులను ప్రజాప్రదర్శనశాలల కిచ్చినచో, అవి తరతరములకు విద్య నేర్పును.

రివాల్వరు చంపుటకు పుట్టిన వస్తువు. దానిని పొగడుట నా యుద్దేశము కాదు. కాని యొకరి చేత చేయబడి, ఒకరి చేత పేల్చబడి, ఒకరి చేత బాగుచేయబడి, ఒకరి చేత దాపబడిన ఆ యినుపముక్కలో ఈ సీమ నూటయేబదియేండ్ల కష్టము నిలిచియున్నది. దానిని మెఱిపించిన ఆ కష్టము పోవును, వెల యొక్కటే మిగులును. ఉన్నదున్నట్లు చదివిన రెండును మిగులును. చదువగల కన్ను మన కులమునకు దేవుడిచ్చినాడు. గీటురాయి బంగారమును ప్రేమింపదు, ద్వేషింపదు. ఉన్న వన్నె చెప్పును. మన మాటయు నట్లే యుండుగాక.

లోకాస్సమస్తాస్సుఖినో భవంతు.